బావగారితో చదరంగం

ప్లీడరు రామకోటేశ్వరరావు అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నేను రాయబోయేది ఆయన మరదలు శివపార్వతి గురించి. ఆమె గురించి ఏం చెప్పబోయినా ఆయన అడుగడుగునా అడ్డం వస్తాడు. ఆమె బతుకులోనూ ఆయన చేసిన పని అదే.

నేను విజయవాడ రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాని. పేరు సంజీవరావు. ఆ రోజుల్లో పోస్టులో చదరంగం ఆడేవాళ్ళకు ఒక సంఘం ఉండేది. దానికి మా జిల్లాలో కంట్రోలర్ని నేనే. పోస్టులో ఆట అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఇద్దరూ ఎవరి ఇంట్లో వాళ్ళు బల్ల పరుచుకుంటారు. ఒకరు తమ ఎత్తు కార్డు మీద రాసి డబ్బాలో వేస్తారు. అది చేరాక రెండోవాళ్ళు ఆలోచించుకుని జవాబు రాస్తారు. ఆలోచించుకోవడానికి రూలు ప్రకారం కొంత గడువుంటుంది. ఒక్కో ఆట ఏడాది, ఏడాదిన్నర సాగుతుంది. తగాదా వస్తే కంట్రోలర్ తీర్పు చెబుతాడు. గెలుపోటములను బట్టి ఆటగాడికి రేటింగ్ అని ఒక అంకె ఇస్తారు.

ప్లీడరుగారి అంకె రెండు వేలు దాటింది. జిల్లాలో అంతటి అంకె ఇంకెవరికీ లేదు, ఆ విషయం ఆయన ఎవరినీ మరిచిపోనిచ్చేవాడు కాదు. గవర్నరుపేటలో చదరంగం క్లబ్బుకు ఆయనే అధ్యక్షుడు. సంఘం పనిమీద ఆయన ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళానో, అన్నిసార్లూ అరుగు మీదే కూర్చున్నాను. నేను క్రైస్తవుణ్ణి, ఏ పేట నుంచి వచ్చిన క్రైస్తవుణ్ణో ఆయనకు తెలుసు. ఆయన లోపల పడక్కుర్చీలోంచి కేకేసి మాట్లాడేవాడు, నేను బయటినుంచి కేకేసి జవాబిచ్చేవాణ్ణి. వీధిలో పోయేవాళ్ళు దెబ్బలాడుకుంటున్నామనుకునేవారు. వాళ్ళు అనుకున్నది తప్పేమీ కాదు.

ఆయన తమ్ముడు వెంకటప్పయ్య పూర్తిగా వేరే మనిషి. పామర్రులో ఒక రైసుమిల్లులో లెక్కలు రాసేవాడు. నేను వెళితే చెయ్యి పట్టుకుని వంటింటిదాకా లాక్కుపోయేవాడు. అతనికీ చదరంగం పిచ్చే, కానీ బద్ధకస్తుడు. మంచం మీద వెల్లకిలా పడుకుని, బల్ల పొట్టమీద పెట్టుకుని, ఎత్తు పైకి చెప్పేవాడు. కార్డు రాయడం పెళ్ళాం పని. గడి అంకె తప్పు చెబితే ఆమె కలం ఆపి అతనివంక చూసేది. కొన్నాళ్ళకు ఎత్తే తప్పు చెప్పినప్పుడు కూడా ఆపడం మొదలుపెట్టింది.

ఆమే శివపార్వతి. పామర్రు అవతల చిన్న రైతు కుటుంబం వాళ్ళది. ఎస్సెల్సీ చదివి, కుట్టుపనిలో ట్రెయినింగ్ అయి, ఆడపిల్లల హైస్కూల్లో కుట్టు టీచరుగా చేరింది. ఆమె నోరు మంచిదని ఊళ్ళో ఎవరూ అనగా వినలేదు. ఒక్క కుట్టు వంకర పోయిందంటే రవిక మొత్తం పర్రుమని విప్పేసి పిల్ల చేతిలో పెట్టేది. పిల్లలు ఏడ్చేవాళ్ళు, తల్లులు వచ్చి గొడవపడేవాళ్ళు. ఈవిడ ఆ తల్లుల రవికల కుట్లు కూడా చూసి ముఖం చిట్లించేది. వెంకటప్పయ్య పోరు పడలేక రెండు చిన్న పోస్టల్ పోటీల్లో తన పేరుతో ఆడింది. పదమూడు వందల అంకె వచ్చింది. సంఘం లెక్కలో అది లెక్కలు రాని పిల్లకు లెక్కల్లో వచ్చే మార్కులాంటిది.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉండేది. తమ్ముడి భార్య బావగారి ఎదట కూర్చోకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు, పేరు పలకకూడదు, రాయకూడదు. ఆయన వస్తే ఆమె తలుపు చాటుకు వెళ్ళాలి. ఆయన ఏదైనా చెప్పాలంటే ద్వారబంధం వంక చూసి "అమ్మాయితో చెప్పండి" అంటాడు. ఎవరో ఒకరు ఆ మాట అటు మోస్తారు. జవాబు మోసుకొచ్చే పని మాత్రం అంతగా ఉండేది కాదు. ప్లీడరుగారు చెప్పి లేచి వెళ్ళిపోయేవాడు.

డెబ్భై నాలుగు వానాకాలంలో వెంకటప్పయ్య పచ్చకామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. మందు పోయించడానికి తీసుకెళుతుంటే దారిలోనే అయిపోయింది. అంత మంచివాణ్ణి అంత తేలిగ్గా తీసుకుపోయినందుకు దేవుడి మీద నాకు ఇప్పటికీ కోపమే.

పెద్దకర్మ నాడు పామర్రు ఇంటి ముందు చాపలు పరిచారు. బంధువులంతా భోజనాలు చేసి కూర్చున్నారు. ప్లీడరుగారు గొంతు సవరించుకుని ద్వారబంధం వంక చూశాడు.

"అమ్మాయితో చెప్పండి. వచ్చే నెల్లో బెజవాడ వచ్చేస్తుంది. ఉద్యోగం మానేస్తుంది. మా ఇంటి కోడలు ఊళ్ళోవాళ్ళ పిల్లలకు కుట్లు నేర్పుతూ ఒంటరిగా బతకాల్సిన ఖర్మేం పట్టలేదు."

వినడానికి ఎంతో పెద్దమనిషి మాట. అసలు సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఆయన భార్య సంపూర్ణమ్మగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. వంటవాళ్ళు ఆయన నోటికి జడిసి ఒకరి తర్వాత ఒకరు మానేస్తున్నారు. జీతం లేని వంటమనిషి, రోగిని చూసుకునే ఆయా, రెండూ ఒకే మనిషిలో కావాలి. మరదలు భర్త పోయి ఖాళీగా కనబడింది.

తలుపు వెనక నుంచి అత్తగారు రావమ్మ బయటికి వచ్చింది. ఆమె ప్లీడరుగారి కన్నతల్లి. అయినా పెద్దకొడుకు ఇంట్లో ఇమడలేక ఏళ్ళ కిందటే చిన్నకొడుకు దగ్గరికి వచ్చేసింది.

"ఉద్యోగం మాననంటుందిరా. ఇక్కడే ఉంటుందంట."

ప్లీడరుగారు నవ్వాడు. గూట్లో వెంకటప్పయ్య చదరంగం బల్ల కనబడింది కాబోలు, అటు చెయ్యి చూపించాడు. "మా తమ్ముడు జన్మలో నామీద ఒక్క ఆట గెలవలేదు. వాడి పెళ్ళాం నాకు ఎదురు చెబుతోంది. ముందు నామీద ఒక ఆట గెలవమనండి. అప్పుడు ఏ ఊళ్ళో ఉంటుందో దాని ఇష్టం."

చాపల మీదున్నవాళ్ళంతా పకపకా నవ్వారు. శ్రాద్ధం భోజనం తిని నవ్వారు. ఒకాయన "బావగారి ఎదట కూర్చుని ఎట్టా ఆడుద్దిలే" అని ఇంకా నవ్వించాడు.

నేను గుమ్మం అవతల నిలబడి ఉన్నాను. ఎవరూ నన్ను అడగలేదు. కానీ అరుగు మీద కూర్చున్న ఏళ్ళన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. "ఎదట కూర్చోనక్కర్లేదండీ. పోస్టులో ఆడొచ్చు. నేను రిజిస్టర్ చేస్తాను" అన్నాను.

నవ్వులు ఆగాయి. తలుపు వెనకనుంచి ఆమె గొంతు గట్టిగానే వినిపించింది. "సరేనని చెప్పండి అత్తయ్యా."

పదిమందిలో అన్న మాట. వెనక్కి తీసుకుంటే ఆడదానికి భయపడ్డాడంటారు. ప్లీడరుగారు నావంక చూసిన చూపుకు నేను అక్కడే బూడిద కావాల్సింది. మరునాడు సంతకం పెట్టి ఫారం పంపాడు.

ఆట మొదలైంది. తెల్లపావులు ఆమెవి. మొదటి కార్డుతోనే గొడవ మొదలైంది. బావగారి పేరు రాయకూడదు కదా. అందుకని ఆమె అడ్రసు ఇలా రాసింది: అధ్యక్షులు గారు, చదరంగం క్లబ్బు, గవర్నరుపేట, విజయవాడ. కార్డు క్లబ్బుకు వచ్చింది. పోస్టుకార్డుకు తలుపులుండవు. సాయంత్రం పేకాటకు, చదరంగానికి వచ్చే ప్రతివాడూ దాన్ని చదివి, బల్ల మీద పావులు పెట్టి, చర్చ చేసి, ఆ తర్వాత అధ్యక్షులవారికి అందించారు.

ఆయన నాకు ఫిర్యాదు రాశాడు. ఇంటి అడ్రసుకు, పేరుమీద రాయాలని ఆమెను ఆదేశించమన్నాడు. నేను ఆ కాగితం ఆమెకు పంపాను. జవాబు వచ్చింది: "కంట్రోలర్ గారికి, బావగారి పేరు రాయడం మా ఇంట్లో మర్యాద కాదు. ఆ మర్యాద మాకు నేర్పింది వారే. శివపార్వతి." నేను దాన్ని యథాతథంగా ఆయనకు పంపించాను. ఆ వారమంతా పార్సిల్ ఆఫీసులో నన్ను ఎవరు విసుక్కున్నా కోపం రాలేదు.

ఆమె ఆట నిదానం. గడువు ఎంతుంటే అంతా వాడుకునేది. చివరి రోజు సాయంత్రం కార్డు డబ్బాలో వేసేది. ఆట నడిచినంతకాలం ఆమె పామర్రులోనే ఉంటుంది మరి. అక్కడ స్కూలుకు వెళుతోంది, పిల్లల్ని ఏడిపిస్తోంది, అత్తగారికి వండిపెడుతోంది. ఇక్కడ ప్లీడరుగారి ఇంట్లో ఇంకో వంటమనిషి గరిటె పడేసి వెళ్ళిపోయింది. ఆయన హోటల్ క్యారియర్ తింటూ, భార్య మంచం దగ్గర విసుక్కుంటూ, నామీద నిప్పులు కక్కుతూ ఏడాది గడిపాడు.

"ఎత్తులు చెబుతున్నది నువ్వే" అని ఒకరోజు అరుగు మీద నన్ను నిలదీశాడు. "ఆ మొహానికి ఇంత ఆట ఎక్కడిది?"

నా ఆట చూసినవాడెవడూ ఆ నింద వెయ్యడు. అదే చెప్పాను. "నాకే వస్తే మీ అధ్యక్షపదవి నేనే తీసుకునేవాణ్ణండీ" అన్నాను. లోపలినుంచి సంపూర్ణమ్మగారు నవ్వినట్టు వినిపించింది. మాట సరిగా రాని మనిషి, నవ్వు మాత్రం చక్కగా వచ్చింది. ఆయన తలుపు వేసేసుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆటలో ఆయనదే పైచెయ్యిగా ఉంది. ఆమె పావులన్నీ ఇరుకున పడ్డాయి. ఓపిగ్గా నొక్కుకుంటూ పోతే ఇంకో ఆరు నెలల్లో ఆమె పని అయిపోయేది. క్లబ్బులో అందరూ అదే అన్నారు. రావమ్మ కోడలి బీరువాలో చీరలు ఎన్ని ట్రంకుపెట్టెలకు సరిపోతాయో చూసుకోవడం మొదలెట్టిందని ఆ తర్వాత తెలిసింది. ఆ అత్తగారికీ గెలుపు మీద ఆశ లేదు.

కానీ ప్లీడరుగారికి ఆరు నెలలు ఆగే ఓపిక లేదు. ఇంట్లో పొయ్యి వెలగడం లేదు.

పోస్టు ఆటలో కాలం ఆదా కావడానికి షరతు ఎత్తు అని ఒకటుంది. నువ్వు ఇది ఆడితే నేను ఇది ఆడతాను అని ముందే రాసేయొచ్చు. అవతలివాళ్ళు ఆ షరతు ఒప్పుకుని జవాబులో తిరిగి రాస్తే ఆ ఎత్తు ఆడేసినట్టే లెక్క, ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. జాగ్రత్త తెలిసినవాళ్ళు ఖాయంగా వచ్చే ఎత్తుకే షరతు రాస్తారు. ఆయనకు ఆ జాగ్రత్త నాకంటే బాగా తెలుసు. క్లబ్బులో కుర్రకారుకు అదే పాఠం చెప్పేవాడు.

డెబ్భై ఆరు వేసవిలో ఆయన తన గుర్రాన్ని ఆమె బంటు నోటికి అందేలా వదిలాడు. ఆమె ఆ గుర్రాన్ని కొట్టుకుంటుంది, ఈలోగా తన మంత్రిని బల్ల అంచుకు దింపితే ఆమె రాజు పని సరి అని ఆయన ఎత్తుగడ. బాగానే ఉంది. ఆ ఎత్తు కింద ఇలా రాశాడు: "మీరు ఏమి ఆడినా సరే, నా మంత్రి అక్కడికి వస్తుంది." మంత్రి దిగే గడి అంకె వేశాడు.

ఏమి ఆడినా సరే! వేరే ఎవరితో ఆడినా ఆయన చెయ్యి ఆ మాట రాసేది కాదు. ఆ మరదలికి ఆయన ఎప్పుడూ చెప్పడమే కానీ, జవాబు కోసం ఆగింది లేదు. ద్వారబంధానికి చెప్పి లేచి వెళ్ళిపోయినట్టే కార్డు మీద కూడా చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

ఆమె గుర్రాన్ని ముట్టుకోలేదు. రాజు ముందున్న బంటును ఒక్క గడి ముందుకు జరిపింది, అంతే. మంత్రి దిగే గడి ఇప్పుడు ఆ బంటు కొట్టే గడి. కార్డు మీద మూడు వాక్యాలు రాసింది. నా బంటు ఒక గడి జరిగింది. మీ షరతు ఒప్పుకున్నాను, మీ మంత్రి వచ్చింది. నా బంటు మీ మంత్రిని కొట్టింది.

ఆ కార్డు ఎప్పటిలాగే క్లబ్బుకు వచ్చింది. ఆయనకంటే ముందు క్లబ్బంతా చదివింది. మంత్రి పోయిన ఆట ఇక నిలవదని ఒకాయన పావులు పెట్టి చూపిస్తే, పేకాట బల్లల దగ్గరివాళ్ళు కూడా లేచి వచ్చి చూశారట. అధ్యక్షులవారు గుమ్మంలోకి రాగానే అందరూ మాటలు ఆపేసి ఆయనకు దారి ఇచ్చారు.

ఆదివారం పొద్దున్నే ఆయన మా ఇంటికి వచ్చాడు. మా గడప తొక్కడం అదే మొదటిసారి. నేను చర్చికి బయల్దేరుతున్నాను. "పామర్రు పద" అన్నాడు. "షరతు ఒప్పుకోవడం లేదని ఆమె చేత రాయించుకుందాం. కంట్రోలర్‌వి, నువ్వు పక్కనుండాలి."

"రూలు ఒప్పుకోదండీ."

"ఆడినావిడే వద్దంటే రూలేం చేస్తుంది?"

బస్సులో ఉయ్యూరు దాటేదాకా ఆయన నోరు విప్పలేదు. ఆ తర్వాత కూడా కండక్టర్‌ని తిట్టడానికే విప్పాడు.

పామర్రులో ఇంటి తలుపు తీసే ఉంది. రావమ్మ ముందుగదిలో నులకమంచం మీద కూర్చుని ఉంది. నన్ను లోపలికి పిలిచి కుర్చీ చూపించింది. లోపలిగదిలో కుట్టుమిషన్ తొక్కుతున్న చప్పుడు. ప్లీడరుగారు అలవాటుగా ద్వారబంధం వంక తిరిగాడు.

"అమ్మా, అమ్మాయితో చెప్పు. ఆ షరతు నేను తొందరలో రాసింది. ఒప్పుకోలేదని ఒక్క ముక్క రాసిమ్మను."

రావమ్మ చెప్పేలోగానే లోపలినుంచి జవాబు వచ్చింది. మిషన్ మాత్రం ఆగలేదు. "ఏమి ఆడినా సరేనని రాసిందెవరో అడగండి అత్తయ్యా."

ఆయన ముఖం కందగడ్డయింది. బెదిరించాడు. వంశం పరువు తీశావన్నాడు. స్కూలు కమిటీలో తనకు తెలిసినవాళ్ళున్నారన్నాడు. మిషన్ నడుస్తూనే ఉంది. చివరికి గొంతు తగ్గించాడు. ప్లీడరు కదా, బేరంలోకి దిగాడు.

"సరే. ఆ ముక్క రాసిస్తే పామర్రులోనే ఉండమను. నేను అడ్డురాను. మాటిస్తున్నా."

మిషన్ ఆగింది. నాకు కూడా బేరం బాగానే ఉందనిపించింది. ఆమెకు కావాల్సింది ఈ ఊళ్ళో ఉండటమే కదా, ఒక ఆట పోతే ఏం పోయింది!

ఆమె బయటికి వచ్చింది. భుజాన టేపు వేలాడుతోంది. గోడ దగ్గరున్న స్టూలు లాగి, ఆయనకు సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"ఆ మాట మీ తమ్ముడి పెద్దకర్మ నాడే ఇచ్చారు బావగారూ. ఇచ్చిన మాటనే మళ్ళీ నాకు అమ్ముతున్నారా?"

ప్లీడరుగారు తల్లివంక తిరిగాడు. "అమ్మా, దీన్ని లోపలికి వెళ్ళమను."

"నీ మాటలు మోసీ మోసీ విసుగొచ్చిందిరా నాకు" అంది రావమ్మ. "ఎదురుగానే ఉందిగా, నువ్వే చెప్పుకో."

"ఏదో నవ్వులాటకన్న మాట పట్టుకుని..." అని గోడతో మొదలుపెట్టాడు ఆయన.

"నవ్వింది మీరు. నేను నవ్వలేదు."

"ఇంట్లో మనిషి మంచాన పడి ఉంటే జాలి లేదు దీనికి."

"అక్కయ్య మీద నాకు జాలే. ఇక్కడికి పంపండి, నా కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాను. మీ ఇంటికి మాత్రం నేను రాను."

ఆయన లేచి నిలబడ్డాడు. స్టూలు వైపు ఒక అడుగు వేశాడు. ఆ క్షణంలో చెయ్యి చేసుకుంటాడేమోనని నేనూ లేచాను. ఆమె మాత్రం స్టూలు మీదనుంచి కదల్లేదు.

"రాసుకో సంజీవరావ్. ఆట వదిలేస్తున్నా."

"ఆయనకెందుకు చెబుతారు? ఆడింది నాతో" అంది ఆమె.

"రూలు కూడా అదేనండీ" అన్నాను నేను. ఆ మాట అనడంలో నాకు కలిగిన ఆనందం దాచుకోలేదు.

ఆయన ద్వారబంధం వంక చూసి, "ఓడిపోయాను" అన్నాడు.

"అక్కడెవరూ లేరు."

అప్పుడు ఆమెవంక చూశాడు. తమ్ముడి పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ముఖం ఆయన సరిగ్గా చూడటం అదే మొదలనుకుంటాను.

"ఓడిపోయాను."

"నేను ఏ ఊళ్ళో ఉండాలి?"

"నీ ఇష్టం" అన్నాడు. ఆ రెండు ముక్కలు పళ్ళ మధ్యనుంచి వచ్చాయి. చెప్పులేసుకున్నాడు.

ఆమె లేచి గుమ్మందాకా వచ్చింది. నాతో "వెళ్ళిరండి సంజీవరావుగారూ" అంది. తర్వాత ఆయనవైపు తిరిగింది.

"వెళ్ళండి" అంది.